పెల్లెట్ పొయ్యికి ఊపిరి ఆడాలి

(న్యూ హాంప్‌షైర్‌లోని తెలుగు కుటుంబాల సంక్రాంతి సమావేశంలో, యంత్రాల మధ్య ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు, రంపపు పొట్టు గింజలు కాల్చి ఇల్లు వెచ్చబెట్టే పెల్లెట్ స్టవ్ గురించి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు తప్ప మాటలేవీ మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకు వినిపిస్తోందా? మంచిది. పక్క గదిలో పిల్లలు ఆడుకుంటున్నారు కాబట్టి కాస్త గొంతు పెంచే మాట్లాడతాను, కోపంగా ఉన్నాననుకోకండి.

ముందు ఒక ప్రశ్న. మీలో ఎంతమంది ఇళ్లలో పెల్లెట్ స్టవ్ ఉంది? చేతులెత్తండి. అబ్బో, సగం మందికి పైనే. సరే, చేతులు దించకండి. ఈ వారంలో దాని బర్న్ పాట్, అంటే లోపల గింజలు కాలే గిన్నె, గీకిన వాళ్లు మాత్రం అలాగే ఉంచండి. చూశారా? మూడు చేతులు మిగిలాయి. అందులో ఒకటి మా ఆవిడది. అంటే రెండు. ఆ రెండిళ్ల వాళ్లు వెళ్లి అరిసెలు తినవచ్చు. మిగిలిన వాళ్లు నాకు దొరికారు.

మాది రాజమండ్రి. గోదావరి మీదుగా వచ్చే కలపకు మా ఊళ్లో అడితీలు, కోత మిల్లులు ఉండేవి. మా ఇంట్లో రంపపు పొట్టు పొయ్యి ఉండేది. ఇక్కడున్న పెద్దవాళ్లలో దాన్ని ఎరిగినవాళ్లు ఉంటారు. ఏమమ్మా, మీ ఇంట్లో ఉండేదా? ఊక పొయ్యా? అదీ అలాంటిదే, దాని చెల్లెలు. ఎరగని వాళ్ల కోసం చెబుతాను. ఒక ఇనుప డబ్బా, దానికి అడుగున పక్కగా ఒక కన్నం. ఆ కన్నంలోంచి అడ్డంగా ఒక కర్ర దూర్చాలి, మధ్యలో నిలువుగా ఇంకో కర్ర పెట్టాలి. చుట్టూ పొట్టు పోసి గట్టిగా కూరాలి. కూరాక రెండు కర్రల్నీ మెల్లగా తిప్పుతూ బయటికి లాగాలి. అప్పుడు పొట్టు మధ్యలో ఒక దారి మిగులుతుంది. కిందినుంచి గాలి వస్తుంది, పైకి మంట వెళుతుంది. రెండు పూటల వంట అయిపోయేది.

ఆ కూరడం నా పని. సరిగ్గా కూరకపోతే మధ్యలో పొట్టు జారి ఆ దారి మూసుకుపోయేది. ఇంకేముంది, ఇల్లంతా పొగ. నేను పొట్టు తడిగా ఉందనో, మిల్లువాడు మోసం చేశాడనో ఏదో ఒకటి చెప్పేవాడిని. మా అమ్మ ఒకటే అనేది: 'పొయ్యికి ఊపిరి ఆడటం లేదురా, ముందు అది చూడు.'

ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ మాటే. మిగతాదంతా దానికి వివరణ. మీ స్టవ్ సరిగా వెలగకపోయినా, దాని తలుపు అద్దం నల్లబడినా, వేడి తగ్గినా, మధ్యలో ఆగిపోయినా, పది సార్లలో తొమ్మిది సార్లు కారణం ఒకటే: దానికి ఊపిరి ఆడటం లేదు.

పెల్లెట్ అంటే ఏమిటి? అదే రంపపు పొట్టు. దాన్ని ఎండబెట్టి, కన్నాలున్న ఉక్కు అచ్చులోంచి విపరీతమైన ఒత్తిడితో తోస్తారు. జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు వస్తుంది. జిగురేమీ కలపరు. చెక్కలోనే లిగ్నిన్ అనే పదార్థం ఉంది, వేడికి అది మెత్తబడి పొట్టును పట్టి ఉంచుతుంది. మన దగ్గర దొరికేవి పావు అంగుళం లావు, అంటే 6 మిల్లీమీటర్ల చిల్లర. సంచి 40 పౌండ్లు, టన్నుకు 50 సంచులు. 1973లో చమురు సంక్షోభం వచ్చాక, నూనె కాకుండా ఇంకేం కాల్చవచ్చని ఈ దేశం వెతుక్కుంది. ఆ వెతుకులాటలోంచి 1980లలో ఇంటికి పెట్టుకునే పెల్లెట్ స్టవ్ వచ్చింది. కోత మిల్లులున్న చోట పొట్టును పారేయకుండా పొయ్యిలో పెట్టడమనే ఆలోచన మన రాజమండ్రి వాళ్లకు కొత్తేమీ కాదని నేను మా అమెరికా ఇంజనీర్లతో ఎన్నోసార్లు అన్నాను. వాళ్లు నవ్వి ఊరుకునేవారు.

ఇప్పుడు లోపలికి వెళదాం. పైన హాపర్, అందులో పెల్లెట్లు. దాని అడుగున ఆగర్, అంటే పెద్ద మరమేకు లాంటిది. అది నెమ్మదిగా తిరుగుతూ గింజల్ని కొద్దికొద్దిగా బర్న్ పాట్‌లో పడేస్తుంది. బర్న్ పాట్ అడుగున, పక్కల చిన్న చిన్న కన్నాలు. ఆ కన్నాల్లోంచి గాలి రావాలి. గాలి ఎవరు పంపిస్తారు? ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎదురుగా గదిలోకి వెచ్చటి గాలి కొట్టే ఫ్యాన్ ఉంది కదా, అదే మంటను కూడా ఊదుతుందనుకుంటారు. కాదు. అందులో రెండు ఫ్యాన్లున్నాయి. ఒకటి గదికి, రెండోది మంటకు. ఆ రెండోది పొగను పీల్చి గొట్టంలోంచి బయటికి తోస్తుంది. పొగ బయటికి పోయిన మేరకు కొత్త గాలి కన్నాల్లోంచి లోపలికి వస్తుంది. మన ఊదుగొట్టం ఊదుతుంది, ఈ ఫ్యాన్ పీలుస్తుంది. అంతే తేడా.

కాబట్టి ఈ దారిలో ఎక్కడ బూడిద చేరినా పీల్పు తగ్గుతుంది. కన్నాల్లో చేరినా, వెనక పలకల మధ్య చేరినా, ఫ్యాను రెక్కల మీద చేరినా, గొట్టం మలుపులో చేరినా. పీల్పు బాగా తగ్గితే లోపలున్న ఒక చిన్న స్విచ్ దాన్ని కనిపెట్టి ఆగర్‌ను ఆపేస్తుంది. వాక్యూమ్ స్విచ్ అంటారు. స్టవ్ తలుపు తెరిచినా గింజలు పడటం ఆగేది దాని వల్లే. ఒక సంగతి చెబుతాను, ఎవరి ఇల్లో అడగకండి. స్టవ్ మాటిమాటికీ ఆగిపోతోందని వీడియో చూసి, ఆ స్విచ్‌కు వచ్చే రెండు తీగల్నీ కలిపేశారు ఒకాయన. 'ఇప్పుడు ఆగడం లేదండీ, బాగైపోయింది' అన్నారు. బాగైందా? జ్వరం చూపిస్తోందని థర్మామీటరు విరగ్గొట్టినట్టు లేదూ? గొట్టం విప్పి చూస్తే మోచేతి మలుపులో అరచేతి మందాన బూడిద. స్విచ్ తన పని తాను చేసింది. దాని నోరు మూశారు. దయచేసి ఏ స్విచ్‌నూ అలా చేయకండి.

ఇక వెలిగించడం. ఈ రోజుల్లో మీట నొక్కితే అదే వెలుగుతుంది కదా, ఇందులో చెప్పడానికేముంది అంటారా? ఉంది. నా తలకు తగిలిన దెబ్బే ఉంది.

మేము ఈ ఇంటికి వచ్చిన రెండో ఏడు. డిసెంబరు, పొద్దున్నే. స్టవ్ వెలగలేదు. తెర మీద ఏదో అంకె చూపించి ఆగిపోయింది. నేను ఇంజనీరును కదా, రీసెట్ నొక్కాను. మళ్లీ వెలగలేదు. మళ్లీ నొక్కాను. నొక్కిన ప్రతిసారీ ఆగర్ కొత్తగా గింజలు పోస్తుందన్న మాట తట్టలేదు. మూడోసారికి బర్న్ పాట్ నిండి పైకి గోపురంలా లేచింది. అడుగున ఎక్కడో కొంచెం రాజుకుంది. మంట లేదు, తెల్లటి చిక్కటి పొగ మాత్రం స్టవ్ లోపలి పెట్టె నిండా సుళ్లు తిరుగుతోంది. నేను అద్దానికి ముఖం పెట్టి చూస్తున్నాను. ఉన్నట్టుండి 'భుగ్గు'మంది. తలుపు అదిరింది, గొట్టం అతుకుల్లోంచి పొగ చిమ్మింది. నా కనుబొమలు మిగిలాయంటే తలుపు గడియ పడి ఉండటమే కారణం.

ఏం జరిగింది? పొగ అంటే కాలకుండా మిగిలిన ఇంధనమే. అది పెట్టె నిండా పోగైంది, కింద ఒక్క మంట లేవగానే మొత్తం ఒకేసారి అంటుకుంది. కొన్ని ఇళ్లలో ఇలాగే అద్దం పగిలి గదిలో పడింది. కాబట్టి ఒకసారి వెలగకపోతే రీసెట్ జోలికి వెళ్లకండి. చల్లారనివ్వండి. గిన్నె పూర్తిగా ఖాళీ చేయండి. ఆ గింజల్ని మళ్లీ హాపర్‌లో పోయకండి, ఒక్క దాంట్లో నిప్పు మిగిలినా హాపర్‌కు అంటుకుంటుంది. మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి బయట పెట్టండి. ఆ తర్వాత కన్నాలు చూడండి, గింజల్ని అంటించే ఇగ్నైటర్ ఎదురుగా ఉన్న కన్నం ముఖ్యంగా చూడండి. నా విషయంలో ఆ కన్నమే మూసుకుపోయింది. అమ్మ మాట మరిచిపోయాను!

మరి తెల్లటి పొగ నిండిపోయాక చూశారనుకోండి, అప్పుడేం చేయాలి? తలుపు తెరవకండి. ప్లగ్ పీకకండి. ప్లగ్ పీకితే పొగను బయటికి పంపే ఫ్యానే ఆగిపోతుంది. ఆఫ్ మీట నొక్కి పక్కకు జరగండి, పిల్లల్ని దూరంగా తీసుకెళ్లండి. ఫ్యాన్ దాని పని అది చేస్తుంది. మంట త్వరగా లేవాలని కిరోసిన్, పెట్రోలు, కర్పూరం, ఇలాంటివేవీ వేయకండి. నవ్వుతున్నారు. కర్పూరం వేసినాయన ఈ గదిలోనే ఉన్నారు.

ఆపడమూ అంతే. మీటతో ఆపండి. మీట నొక్కాక కూడా ఫ్యాన్ చాలాసేపు తిరుగుతుంది, గిన్నెలో మిగిలిన గింజలు కాలి చల్లారేదాకా. కరెంటు దండగ అని గోడ దగ్గర ఆపేయకండి.

కరెంటు అంటే గుర్తొచ్చింది. ఇక్కడ మంచు తుఫాను వచ్చి చెట్లు విరిగితే కరెంటు పోవడం మనందరికీ అనుభవమే. కట్టెల పొయ్యికి కరెంటుతో పని లేదు. దీనికి కరెంటు పోతే ఊపిరే పోతుంది. గిన్నెలో గింజలు రాజుకుంటూనే ఉంటాయి, పీల్చే ఫ్యాన్ ఉండదు. ఆ పొగ ఎటు పోతుంది? గొట్టం ఇంట్లోంచి తిన్నగా గోడలోంచి బయటికి వెళ్లి ఉంటే, పొగ గదిలోకే రావచ్చు. గొట్టం కొన్ని అడుగులు నిలువుగా పైకి వెళ్లి ఉంటే వేడి పొగ తనంతట తానే పైకి లేస్తుంది. కొత్తగా పెట్టించుకునే వాళ్లు ఆ నిలువు గొట్టం అడిగి వేయించుకోండి. ఉన్నవాళ్లు ఒక బ్యాటరీ బ్యాకప్ కొనుక్కోండి. ఇల్లు వెచ్చబెట్టడానికి కాదు, పొగ బయటికి పోయేదాకా ఫ్యాన్ తిరగడానికి. స్టవ్ మోటార్లకు పనికొచ్చే రకమేదో కొనేముందు అడగండి, చవక రకాలతో కొన్ని మోటార్లు గుర్రుమంటాయి. జనరేటరు ఉన్నవాళ్లు దాన్ని ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, బయట పెట్టండి. గరాజులో తలుపు తెరిచి పెట్టినా సరే, వద్దు.

ఇంకోటి. తుఫాను ఆగగానే కారు మీద మంచు తోసే ముందు గొట్టం బయటి మూతి దగ్గర మంచు తీయండి. గోడలోంచి వచ్చిన గొట్టం నేలకు ఎంతో ఎత్తులో ఉండదు. రెండడుగుల మంచు పడి, గాలికి గుట్టగా చేరితే మూసుకుపోతుంది.

ఇప్పుడు మన ఇళ్లకే ప్రత్యేకమైన సంగతి. స్టవ్ అమ్మేవాడు ఇది చెప్పడు, ఎందుకంటే వాడింట్లో పోపు పెట్టరు. మనం ఏం చేస్తాం? ఎండుమిర్చి వేయించేముందు వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పూర్తిగా పెడతాం. మనవాళ్లు ఆ ఫ్యాన్ కూడా పెద్దదే పెట్టించుకుంటారు. పైగా ఇక్కడి కొత్త ఇళ్లు సందు లేకుండా బిగించి కడతారు. ఆ ఫ్యాన్ ఇంట్లో గాలిని బయటికి తోసేస్తుంటే, పెల్లెట్ స్టవ్ ఫ్యాన్ కూడా అదే గాలి కోసం లాగుతుంటుంది. పెద్ద ఫ్యాన్ గెలుస్తుంది. స్టవ్ మంట బద్ధకంగా, ఎర్రగా ఊగడం మొదలవుతుంది, ఒక్కోసారి పొగ వాసన గదిలోకి వస్తుంది. మా ఇంట్లో ఆవకాయ కారం దంచిన రోజు కాదు కానీ, నువ్వుల పొడి చేసిన రోజున ఇది కళ్లారా చూశాను. మందు ఉంది. స్టవ్‌కు బయటి గాలి నేరుగా అందేలా వెనకనుంచి ఒక గొట్టం పెట్టవచ్చు, అవుట్‌సైడ్ ఎయిర్ కిట్ అంటారు. మొబైల్ హోముల్లో అది తప్పనిసరి. మనలాంటి వంటలు వండే ఇళ్లలో కూడా తప్పనిసరి అని నా సొంత చట్టం. అది పెట్టించేదాకా, ఎగ్జాస్ట్ పెట్టినప్పుడు దగ్గర్లో ఒక కిటికీ కొంచెం తెరవండి.

సరిగా కాలని మంటలోంచి వచ్చే విషవాయువు, కార్బన్ మోనాక్సైడ్ గురించి ఎక్కువ భయపెట్టను, తక్కువ చేసీ చెప్పను. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట ఇది కూర్చుంటుంది, దానికన్నా రెండొందల రెట్లకు పైగా గట్టిగా. తలనొప్పి, వికారం, మత్తు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళితే తగ్గుతుంటే అది జలుబు కాదు. వెంటనే అందరూ బయటికి వచ్చి, బయటినుంచి 911కు ఫోను చేయాలి. అలారం ప్రతి అంతస్తులోనూ, పడక గదుల బయటా ఉండాలి. అలారం వెనక తయారీ తేదీ ఉంటుంది, ఇవాళ ఇంటికి వెళ్లి చూడండి. దానికీ ఆయుష్షు తీరుతుంది. పొగ గొట్టం అతుకులు కూడా చూడండి. ఈ గొట్టంలో పొగను ఫ్యాన్ తోస్తుంది కాబట్టి అతుకులో సందుంటే పొగ బయటికే వస్తుంది. పెల్లెట్ స్టవ్‌కు దాని కోసమే చేసిన రెండు పొరల గొట్టం వాడాలి. బట్టల డ్రయ్యర్ గొట్టం కాదు. అవునండి, అది కూడా చూశాను.

సరే, శుభ్రం చేయడానికి వద్దాం. ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను. మంచి రకం పెల్లెట్లలో బూడిద 1 శాతానికి మించదు. విని మనం ఏమనుకుంటాం? ఒక్క శాతమే కదా అని. టన్నుకు ఒక శాతం అంటే 20 పౌండ్లు, 9 కిలోలు. సీజనుకు మూడు టన్నులు కాలిస్తే 27 కిలోల దాకా. బియ్యం బస్తా కన్నా ఎక్కువ. అంత బూడిద మీ బూడిద పళ్లెంలోంచి తీశారా? లేదు కదా? మరి మిగతాది ఎక్కడుంది? కొంత గాలిలో పోయింది. మిగిలింది లోపలే ఉంది, మనకు కనబడని చోట.

రోజూ చేయవలసింది రెండు నిమిషాల పని. స్టవ్ చల్లగా ఉన్నప్పుడు బర్న్ పాట్‌ను గీకడం, పైన వేడి గొట్టాలకు ఉన్న కడ్డీని నాలుగైదు సార్లు లోపలికీ బయటికీ లాగడం. ఆ కడ్డీ ఎందుకుందో తెలియని వాళ్లున్నారు, అలంకారం అనుకుంటారు. గొట్టాల మీద బూడిద పొర చేరితే వేడి గదిలోకి రాకుండా పొగతో పాటు బయటికి పోతుంది. కొన్న పెల్లెట్లతో వీధిని వెచ్చబెడుతున్నట్టే. గిన్నె అడుగున రాయిలా గట్టిపడిన ముద్ద కనబడితే దాన్ని క్లింకర్ అంటారు. కమ్మరి కొలిమి దగ్గర చిట్టెం చూశారా? అలాంటిదే. చెక్కతో పాటు వచ్చిన ఇసుక, మట్టి కరిగి అతుక్కున్నది. రోజూ తీయకపోతే కన్నాలన్నీ మూసేస్తుంది. అది మరీ ఎక్కువగా వస్తుంటే పెల్లెట్ల రకం మార్చండి.

వారానికి ఒకసారి పూర్తిగా ఆపి, పూర్తిగా చల్లార్చి, బూడిద పళ్లెం తీయండి. గిన్నె బయటికి తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ప్రతి కన్నంలోంచీ వెలుగు కనబడాలి. కనబడని కన్నాన్ని మేకుతోనో, సరిపోయే డ్రిల్ బిట్‌ను చేత్తో తిప్పుతూనో తెరవండి. కన్నం పెద్దది చేయకండి. గిన్నె తిరిగి పెట్టేటప్పుడు అది సరిగ్గా కూర్చుందో లేదో చూడండి, కింద ఒక్క బూడిద పెళ్ల ఇరుక్కున్నా గాలి కన్నాల్లోంచి కాక పక్కనుంచి పోతుంది. అద్దానికి ఖరీదైన మందులేవీ అక్కర్లేదు. తడి కాగితం మీద ఆ బూడిదే కొంచెం అద్ది రుద్దండి. మన అమ్మమ్మలు ఇత్తడి గిన్నెలు దేనితో తోమారు?

అద్దం మీది మరకను తుడిచే ముందు ఒకసారి చదవండి. లేత బూడిద రంగు పొడిగా ఉంటే ఫరవాలేదు. నల్లటి మసి అయితే గాలి చాలడం లేదు. మంటను కూడా అలాగే చదవాలి. పసుపు తెలుపు కలిసి, చురుగ్గా, గిన్నెలో గింజలు గెంతుతున్నట్టుంటే దానికి ఊపిరి బాగా ఆడుతోంది. పొడుగ్గా, నారింజ రంగులో, కొసలు నల్లగా, నిద్రమత్తులో ఉన్నట్టు ఊగుతుంటే ఆపండి, శుభ్రం చేయండి.

టన్ను కాల్చాక, అంటే 50 సంచులకు ఒకసారి, పెద్ద పని. నవంబరులో మొదలుపెట్టిన వాళ్లందరికీ ఆ టన్ను ఈపాటికి అయిపోయి ఉంటుంది, అందుకే ఈ రోజు మిమ్మల్ని కూర్చోబెట్టాను. ప్లగ్ తీసేయండి. లోపలి వెనక పలకలు విప్పితే వాటి వెనక బూడిద గదులుంటాయి. చాలామంది వాటిని స్టవ్ కొన్న నాటినుంచి చూసి ఉండరు. అక్కడున్నది పౌడరులా మెత్తటి బూడిద, మాస్కు పెట్టుకోండి, చేతులకు తొడుగులు వేసుకోండి. తర్వాత గొట్టం. గొట్టం మలుపు దగ్గర అడుగున ఒక మూత ఉంటుంది, దాన్ని తీసి బ్రష్ దూర్చండి. ఆ తర్వాత పొగ ఫ్యాన్ రెక్కలు. ఇక్కడిదాకా నేను చేస్తాను, మోటార్లు, తీగల జోలికి మాత్రం ఏడాదికొకసారి తెలిసిన మనిషినే పిలుస్తాను. ఇంజనీరును కదా అన్న ధీమా ఆ డిసెంబరు పొద్దున్నే పోయింది.

ఇక్కడివాళ్లు కొందరు ఆకులు ఊదే యంత్రాన్ని తెచ్చి, దాని పీల్చే మూతిని బయట గొట్టానికి తగిలించి మొత్తం ఒకేసారి లాగేస్తారు. పని చేస్తుందా? చేస్తుంది. ఆ మేఘం చూడటానికి వీధంతా వస్తుంది. కానీ లోపల ఒక్క నిప్పుకణం ఉన్నా ఆ యంత్రంలోకి వెళుతుంది, వాక్యూమ్ స్విచ్ గొట్టం తప్పించకపోతే స్విచ్ దెబ్బతినవచ్చు. మా పక్కింటాయన ప్రతి ఏడూ చేస్తాడు. నేను బ్రష్‌తోనే చేస్తాను.

స్టవ్ తలుపు చుట్టూ, సందులోంచి గాలి చొరకుండా తాడు లాంటి గాస్కెట్ ఉంటుంది. ఒక డాలరు నోటు తలుపు సందులో పెట్టి తలుపు బిగించండి, లాగి చూడండి. గట్టిగా పట్టుకుంటే బాగుంది. సులువుగా జారి వచ్చేస్తే గాస్కెట్ అరిగింది, మార్చాలి. నాలుగు పక్కలా చూడండి.

ఇప్పుడు బూడిద. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం, కొంచెం ఓపిక పట్టండి.

నివురు గప్పిన నిప్పు అంటాం. ఎవరి గురించి అంటాం? పైకి ఏమీ లేనట్టుండి లోపల మండేవాళ్ల గురించి. ఆ మాట పుట్టింది పొయ్యి దగ్గరే. మా అమ్మమ్మ రాత్రి పొయ్యిలో నిప్పు కణికల మీద బూడిద కప్పేది. తెల్లారి బూడిద తీసి ఊదితే నిప్పు. అగ్గిపుల్ల అక్కర్లేదు. అంటే మనవాళ్లకు నిప్పును దాచుకోవడానికి అన్నిటికన్నా మంచి పెట్టె ఏది? బూడిద. ఇంత తెలిసిన జాతి వాళ్లం, ఇక్కడికొచ్చి స్టవ్ బూడిదను కాగితపు సంచిలో వేసి గరాజులో పెడతాం!

బూడిదలో నిప్పు కొన్ని గంటలు కాదు, మూడు నాలుగు రోజులు బతికి ఉండగలదు. చేత్తో తాకితే పైన చల్లగానే ఉంటుంది. ఒక తెలిసిన కుటుంబం, మంచివాళ్లు, స్టవ్ ముందు రోజు రాత్రే ఆపామన్న ధైర్యంతో పొద్దున్నే ఇంటి వాక్యూమ్ క్లీనరుతో లోపల లాగారు. ఏమైంది? వాక్యూమ్ అంటే లోపల దుమ్ము, వెంట్రుకలు, కాగితపు సంచి, వాటి మీదుగా బ్రహ్మాండమైన గాలి. కొలిమికి తిత్తి కట్టినట్టే కదా? దాన్ని అల్మారాలో పెట్టి తలుపు వేశారు. పది నిమిషాలకు పొగ అలారం మోగింది. అలారం ఉంది కాబట్టి అల్మారాతో పోయింది.

కాబట్టి మామూలు వాక్యూమ్ వద్దే వద్దు. బూడిద కోసమే చేసిన ఇనుప డొల్ల వాక్యూమ్ ఉంటుంది, అది కూడా చల్లారిన బూడిదకే. తీసిన బూడిద బిగుతు మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయాలి. ఆ డబ్బా చెక్క డెక్ మీద కాదు, గరాజులో కాదు, వరండాలో కాదు. బయట, రాతి మీదో నేల మీదో, ఇంటికి పది అడుగుల దూరంలో పెట్టండి. ఒక వారం అలా వదిలేయండి. తర్వాతే చెత్తలోకైనా, తోటలోకైనా.

పెల్లెట్లు నిలవ చేయడం గురించి ఒక్క మాట. నీళ్లు తగిలిన గింజ ఉబ్బి మళ్లీ పొట్టయిపోతుంది, ఆగర్‌లో సిమెంటులా గట్టిపడుతుంది. సంచులు నేలకు ఆనకుండా పలకల మీద పెట్టండి, స్టవ్‌కు ఆనించి కాదు, కనీసం మూడడుగుల దూరం. తడి బట్టలు ఆరేసే కుర్చీ కూడా ఆ మూడడుగుల అవతలే. సంచి అడుగున మిగిలే పొట్టు హాపర్‌లో దులపకండి. పైన్ పెల్లెట్లు వాడితే గొట్టంలో తారు చేరుతుందని ఒక నమ్మకం ఉంది, ఆరిన గింజ మంచి గాలితో కాలుతున్నప్పుడు అది అపోహే. పైన్‌లో బూడిద తక్కువే వస్తుంది చాలాసార్లు. సంచుల్లో కాక టన్నులకు టన్నులు ఒక మూసిన గదిలో పోయించుకునేవాళ్లు మాత్రం ఆ గదిలోకి ఊరికే దిగకండి. నిలవున్న పెల్లెట్లు వాటంతట అవే కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. 2006లో స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్ రేవులో, పెల్లెట్లు మోసుకొచ్చిన ఓడలో సరుకు అర పక్కనున్న మెట్ల దారిలోకి దిగి ఒక నావికుడు చనిపోయాడు. అక్కడ మంటే లేదు, గుర్తుంచుకోండి.

వేసవిలో? ఏప్రిల్ చివర్లో ఆపేశాక బూడిదతో వదిలేయకండి. బూడిదకు తేమ తగిలితే క్షారం, ఇనుమును తింటుంది. శుభ్రం చేసి, హాపర్ ఖాళీ చేసి, బయట గొట్టం మూతి చూసుకోండి, పిట్టలు గూళ్లు పెడతాయి. అక్టోబరులో మళ్లీ వెలిగించే ముందు ఆ గూడు తీయండి.

ప్రశ్నలా? అడగండి. బాబూ, నువ్వు చెప్పు. భోగి మంటలో మిగిలిన పిడకలు అందులో వేయవచ్చా? నాయనా, నీ ప్రశ్న నాకు నచ్చింది, కానీ వద్దు. పిడకలు, కట్టెలు, కాగితాలు ఏవీ వద్దు. దాని ఆకలి గింజ లెక్కన ఉంటుంది. మొక్కజొన్న కూడా, స్టవ్ తయారుచేసినవాళ్లు పుస్తకంలో అనుమతిస్తేనే.

వదినగారూ, మీరు? పాత స్టవ్ ఎవరో చవకగా ఇస్తున్నారా? తీసుకోవచ్చు, కానీ దాని పుస్తకం ఉందేమో అడగండి. గోడకు ఎంత దూరం, కిటికీకి గొట్టం మూతి ఎంత దూరం, కింద ఎలాంటి పలక, అన్నీ అందులోనే ఉంటాయి, ఒక్కో స్టవ్‌కు ఒక్కో లెక్క. ఊరి కార్యాలయంలో అనుమతి తీసుకుని, అగ్నిమాపక శాఖ వాళ్లకు చూపించి, ఇంటి బీమా కంపెనీకి ముందే చెప్పండి. చెప్పకుండా పెట్టి, రేపు ఏదైనా జరిగితే వాళ్లు మొదట అడిగేది ఆ అనుమతి కాగితమే. 2020 మే తర్వాత అమ్మిన కొత్త స్టవ్‌లకు పొగ కణాల పరిమితి గంటకు 2 గ్రాములు. పాతవాటికి అంత కట్టుదిట్టం ఉండకపోవచ్చు.

తోటకు వేయవచ్చా అని ఎవరో అడిగారు. కట్టె బూడిద ఇక్కడి పుల్లటి నేలకు మంచిదే. టమాటాలకు, బెండకు కొంచెం చల్లండి. బంగాళదుంపల దగ్గర, బ్లూబెర్రీల దగ్గర వద్దు, వాటికి పుల్లటి నేలే ఇష్టం. గోంగూరకా? మా ఆవిడ వేస్తుంది, బాగానే వస్తోంది. ఎంత వేయాలో ఆవిడను అడగండి, నన్ను ఆ మడి దగ్గరికి రానివ్వదు.

ఆ బల్ల మీద మా స్టవ్ బర్న్ పాట్ పెట్టాను, కావాలనే గీకకుండా తెచ్చాను. టీ తాగేముందు ఒక్కొక్కరు చేతిలోకి తీసుకుని దీపానికి ఎదురుగా పట్టి ఎన్ని కన్నాలు మూసుకుపోయాయో లెక్కపెట్టండి. చేతులకు మసి అంటుతుంది, పాత కాగితాలు పక్కనే ఉన్నాయి. పట్టుచీరలు కట్టుకున్న వాళ్లు దూరంనుంచే చూడండి.